గొంతులో గొట్టం, గుండెలో దడ!

"ముద్ద దిగడం లేదంటున్నారు డాక్టరుగారూ!" అంటూ మొదలైంది ఈవారం ఉత్తరం. రాసింది ఓ అమ్మాయి. వాళ్ళ నాన్నగారికి 58 ఏళ్ళు. రెండు నెలల కిందట చపాతీ ముక్క ఛాతీ మధ్యలో ఆగిపోయినట్టు అనిపించిందట. ఆ తర్వాత అన్నం. ఇప్పుడు మెత్తగా కలిపిన పెరుగన్నం కూడా నీళ్ళతో నెడితేగాని దిగడం లేదు. మనిషి చిక్కిపోయారు. ఊళ్ళో డాక్టరు ఎండోస్కోపీ చేయించమన్నారు. ఆయనేమో "గొట్టం మింగితే ఊపిరాడక పోతాను" అని భీష్మించుకు కూర్చున్నారు. గ్యాసు బిళ్ళలతో, సోడాలతో రోజులు గడుపుతున్నారు. "ఇంకో నెల ఆగి చూడొచ్చా?" అని అడుగుతోంది ఆ అమ్మాయి.

ఆగొద్దు తల్లీ! ముందు గట్టి పదార్థం, తర్వాత మెత్తనిది - ఈ వరసలో మింగుడు పడకుండా పోతోందంటే అన్నవాహిక ఇరుకవుతోందేమోనని అనుమానించాలి. ఏళ్ళ తరబడి పులిసిన తేన్పులతో, మంటతో లోపల మచ్చకట్టి ఇరుకవ్వొచ్చు. దాన్ని వెడల్పు చేసే వైద్యముంది. పుండో, కంతో కావచ్చు. పొగాకు, గుట్కా, మందు అలవాటున్నవాళ్ళకి ఆ భయం ఎక్కువ. అదే అయితే ఎంత ముందు కనిపెడితే అంత మంచిది. పైనుంచి పొట్ట నొక్కి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు. లోపలికి తొంగిచూడాల్సిందే. గ్యాసు బిళ్ళ మంటని తగ్గిస్తుందేగాని అడ్డుని తొలగించదు.

ఇక భయం సంగతి. 1868లో జర్మనీలో అడాల్ఫ్ కుస్‌మాల్ అనే డాక్టరు మనిషి పొట్టలోకి చూడాలని మూరెడు పొడుగున్న గట్టి గొట్టం తయారుచేయించాడు. దాన్ని మింగే మొనగాడెవరు? కత్తులు మింగి బతికే ఓ గారడీవాణ్ణి పిలిపించాడు! అవునండీ, ఈ పరీక్షకి మొదటి హీరో వినోద ప్రపంచం వాడే. 1957లో అమెరికాలో బాసిల్ హిర్షోవిట్జ్ అనే డాక్టరు గాజుపోగులతో చేసిన వంగే గొట్టాన్ని ముందు తనే మింగి చూశాడు. ఇప్పటి గొట్టం ఇంచుమించు చిటికెన వేలు లావుంటుంది. కొసన బుల్లి కెమెరా, లైటు ఉంటాయి. లోపలి బొమ్మ టీవీ తెరమీద కనిపిస్తుంది. అన్నవాహిక పొడవు సుమారు 10 అంగుళాలు. దాంతోపాటు పొట్ట కూడా చూసేసినా మామూలుగా 5 నుంచి 10 నిమిషాల్లో షూటింగ్ పూర్తి!

ఊపిరి ఆడదా? గాలి వెళ్ళే దారి వేరు, అన్నం వెళ్ళే దారి వేరు. గొంతులో మొద్దుబార్చే మందు కొడతారు, కాస్త చేదుగా ఉంటుంది. ఎడమపక్కకి తిప్పి పడుకోబెడతారు. పళ్ళ మధ్య ప్లాస్టిక్ బిళ్ళ పెడతారు. ఒకటి రెండుసార్లు డోకొస్తుంది. అప్పుడు కంగారుపడి గొట్టాన్ని పట్టుకు లాగకూడదు. నెమ్మదిగా ఊపిరి తీస్తూ ఉంటే చాలు. మరీ భయస్థులకి మత్తు ఇంజక్షను ఇస్తారు.

వెళ్ళేముందు 6 నుంచి 8 గంటలు ఏమీ తినకూడదు. పొట్టలో అన్నముంటే బొమ్మ కనబడక రీటేకు తప్పదు. అంతకన్నా ప్రమాదం, వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మీ నాన్నగారికి ముద్ద లోపలే నిలిచిపోతోంది కాబట్టి, ఎప్పట్నుంచి ఆహారం మానాలో డాక్టర్ని ప్రత్యేకంగా అడగండి. కట్టుడు పళ్ళుంటే తీసెయ్యాలి. రక్తం పల్చబడే మందులు, షుగరు మందులు, గుండెజబ్బు, ఆయాసం, పడని మందులు - ఏదీ దాచకుండా ముందే చెప్పాలి. మందులు సొంతంగా మానెయ్యకూడదు.

అనుమానముంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఆ ముక్క తీసేటప్పుడు నొప్పి తెలియదు. ముక్క తీశారంటే కేన్సరేనని ఇంట్లో ఏడుపులు మొదలెట్టకండి. చాలాసార్లు అది అనుమానం తీర్చుకోడానికే!

గొంతు మొద్దు వదిలేదాకా మంచినీళ్ళు కూడా తాగించొద్దు. మత్తిస్తే వెంట మనిషుండాలి. ఆ రోజంతా బండి నడపకూడదు, కాగితాలమీద సంతకాలు పెట్టకూడదు. గొంతు ఒకటి రెండు రోజులు గరగరలాడితే ఫరవాలేదు. ఛాతీలో తీవ్రమైన నొప్పి, జ్వరం, నెత్తుటి వాంతి, తారులా నల్లటి విరేచనం - వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. అన్నవాహికకి చిల్లు పడడం, రక్తం కారడం అరుదేగాని అసలే జరగవని చెప్పను.

గుండెల్లో మంటొచ్చిన ప్రతివాళ్ళూ ఈ పరీక్షకి ఎగబడనక్కర్లేదు. కాని మింగుడు పడకపోవడం, కారణం లేకుండా చిక్కిపోవడం, నెత్తుటి వాంతి, నల్లటి విరేచనం ఉంటే మాత్రం వాయిదా పనికిరాదు.

అమ్మాయ్! మీ నాన్నగారి దగ్గర కూర్చుని ఇదంతా చదివి వినిపించు. "కత్తి మింగమనడం లేదు నాన్నా, పది నిమిషాలు ఓర్చుకోమంటున్నాం. నువ్వు మళ్ళీ కడుపునిండా అన్నం తినడం చూడాలని ఉంది" అని చెప్పు. మెత్తబడతారు. ఆ మెత్తబడిన రోజునే ఆస్పత్రికి తీసుకెళ్ళు.