పడిగె చదివిన నేలలో మాంగా చదివే పిల్లలు

పడిగె అంటే మూడు మూలల గుడ్డ. భద్రాచలం, మణుగూరు అడవుల వెంట ఉన్న కోయ గూడేల్లో ఇలవేల్పు కొలుపు జరిగేటప్పుడు దాన్ని బయటికి తీస్తారు. దాని మీద వేల్పులు, వంశపు పెద్దలు, జంతువులు బొమ్మలుగా ఉంటారు. అక్షరం ఒక్కటీ ఉండదు. డోలి మోగుతుంది, కంచుతాళం కలుస్తుంది, కథ చెప్పే మనిషి బొమ్మ నుంచి బొమ్మకు సాగుతూ గట్టు, అంటే గోత్రం, పుట్టుక మొదలుకొని వంశం కథంతా పాడతాడు. ఏ గట్టు కథ ఆ గట్టుదే, ఏ గట్టు పడిగె ఆ గట్టుదే.

ఆ విద్యలో చివరిదాకా నిలిచిన పెద్దల్లో సకిని రామచంద్రయ్య ఒకరు. ఆయనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం వేరు, ఇది వేరు. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ, గరికామరాజు కథ ఆయన కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

అదే జిల్లాలో, అదే బస్సుల్లో, ఇప్పుడు కాలేజీ పిల్లలు ఇంకో రకం బొమ్మల కథలు చదువుతున్నారు. ఫోను తెర మీద నలుపూ తెలుపూ పేజీలు, కుడి నుంచి ఎడమకు సాగే గళ్లు. జపాను మాంగా. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. అంతకు ముందు జనవరిలో, యుగో సాకో 1993లో తీసిన రామాయణం బొమ్మల సినిమా కూడా తెలుగులో విడుదలైంది. సినిమాలైతే తెలుగు మాట్లాడాయి. పుస్తకాన్ని మాత్రం పిల్లలు ఎక్కువగా ఇంగ్లిషులోనే చదువుకుంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు అది చదువు కింద లెక్కకు రాదు. ‘ఇంత వయసొచ్చి ఇంకా బొమ్మల పుస్తకాలేమిటి’ అన్న మాట ఖమ్మంలోనూ వినిపిస్తుంది, పాల్వంచలోనూ వినిపిస్తుంది.

ఆ మాట తప్పు. పడిగెను తరాల తరబడి చదివిన నేల మీద నిలబడి అనదగిన మాట అసలే కాదు.

మాంగాను దగ్గరగా చూస్తే అందులో పిల్లలు ఏం చదువుతున్నారో అర్థమవుతుంది. మకోతో యుకిమురా గీసిన ‘విన్‌లాండ్ సాగా’ 2005లో మొదలై ఇరవై ఏళ్లు సాగి 2025లో ముగిసింది. కథానాయకుడు థోర్ఫిన్. తండ్రిని చంపినవాడి ముఠాలోనే చేరి, వాణ్ని ద్వంద్వయుద్ధంలో చంపాలన్న ఒకే ఒక్క పట్టుదలతో పెరుగుతాడు. ఆ రోజుల బొమ్మల్లో అతని కళ్లు చూడాలి. కనుబొమల కింద ఇరుక్కున్న రెండు నిప్పు కణికలు. ఒళ్లంతా ముందుకు వంగే ఉంటుంది, రెండు చేతుల్లో రెండు బాకులు. తర్వాత ఆ శత్రువు వేరొకరి చేతిలో చనిపోతాడు. పగే బతుకైన కుర్రాడికి ఇక బతుకు లేదు. బానిసగా అమ్ముడుపోయి డెన్మార్కులో ఒక పెద్ద రైతు పొలానికి చేరతాడు.

అక్కడి నుంచి చాప్టర్ల కొద్దీ కత్తియుద్ధాలు దాదాపు ఉండవు. చెట్లు కొట్టడం, మొద్దులు పెకలించడం, దున్నడం, గోధుమ చల్లడం. ఐనార్ అనే మరో బానిసతో కలిసి అడవిని పొలం చేస్తాడు. ఒక ముసలాయన దగ్గర గుర్రాన్ని అరువడిగి మొద్దుల్ని లాగిస్తారు. పోడు నేలలో మొద్దుల మధ్య నాగలి తిప్పిన ఇంటి పిల్లలకు ఈ పేజీలు అర్థం కావడానికి ఎవరూ వివరించనక్కర్లేదు. మొద్దు వేరు ఎంత లోతుకు పోతుందో, దాన్ని కదిలించడానికి నడుం ఎలా వంగుతుందో యుకిమురా ఒళ్లు తెలిసినవాడిలా గీశాడు. థోర్ఫిన్ కళ్లు మొదట ఖాళీగా ఉంటాయి. రాత్రిళ్లు తాను చంపినవాళ్లు కలలోకి వస్తారు. పైరు మొలిచిన రోజున ఆ ముఖంలో మొదటిసారి ఒక చిన్న మెత్తదనం కనిపిస్తుంది. ‘మారాడు’ అని రచయిత ఎక్కడా రాయడు. కనుబొమ కింద గీత కాస్త పైకి జరుగుతుంది, అంతే. ఒకనాడు ఎవరినైనా పొడిచేసినవాడు, కథ ముదిరేసరికి ఒక మాట విన్నవించుకోవడానికి రాజు మనిషి చేత వంద గుద్దులు తింటాడు. తిరిగి ఒక్క దెబ్బా కొట్టడు. ముఖం పచ్చడైన ఆ పేజీల్లో అతని చూపు మాత్రం నిలకడగా ఉంటుంది. మొదటి పుస్తకం పక్కన ఈ పుస్తకం పెట్టి చూస్తే పాత్ర ఎదగడం అంటే ఏమిటో ఒక సెమిస్టరు పాఠం కంటే బాగా తెలుస్తుంది.

తకెహికో ఇనోయుఎ 1998లో మొదలుపెట్టిన ‘వాగబాండ్’ది మరో దారి. ముసాషి అనే ఖడ్గవీరుడి కథ అది. కొంత దూరం వెళ్లాక ఇనోయుఎ కలం పక్కన పెట్టి కుంచె పట్టాడు. మనిషి లోపల మెత్తబడుతున్నకొద్దీ గీత కూడా తడి పట్టింది. ఆ కథానాయకుడూ చివరికి ఒక పేద ఊళ్లో మట్టి పిసుకుతూ, మొండి నేలతో పోట్లాడుతూ కనిపిస్తాడు. యుద్ధవీరులను తెచ్చి పొలంలో నిలబెట్టడం ఇద్దరు చిత్రకారులకూ తోచిందంటే, గీసే చేతికి కత్తి విసురు కంటే ఓపికను చూపించడమే పెద్ద సవాలన్నమాట.

తెలుగువాళ్లకు గొప్ప గీతలు లేకపోలేదు. 1947లో మొదలైన ‘చందమామ’లో శంకర్ గీసిన విక్రమార్కుడు ఎవరికి గుర్తుండడు? భుజాన శవం, చేతిలో కత్తి, వెనక్కి తిరిగిన ఆ చూపు. బాపు సంగతి సరేసరి. నాలుగు గీతల్లో మనిషిని నిలబెట్టగలిగిన చేయి అది. సినిమా తీసే ముందు షాట్లన్నీ బొమ్మలుగా గీసుకునే అలవాటు ఆయనది. 1973లో వచ్చిన ‘అందాల రాముడు’ రాజమండ్రి నుంచి భద్రాచలానికి గోదావరి మీద సాగే లాంచీ ప్రయాణం. ఆ గోదావరి తెర మీదికి రాకముందే కాగితం మీద గళ్లుగళ్లుగా పారింది. మాంగా చిత్రకారుడు చేసే పనికి ఇంత దగ్గరి పని తెలుగులో మరొకరు చేశారని చెప్పడం కష్టం.

అయినా ఒక లోటు ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. విక్రమార్కుడు దశాబ్దాల పాటు ప్రతి నెలా అదే చెట్టు దగ్గరికి అదే ముఖంతో వెళ్లాడు. ముళ్లపూడి వెంకటరమణ రాసి బాపు గీసిన బుడుగు ఎన్నేళ్లయినా బుడుగే. వాళ్లు మారకపోవడంలో ఒక అందం ఉంది, కాదనలేం. కానీ తెలుగు బొమ్మకు వయసు పెరగలేదు. ఒక పాత్ర తప్పు చేసి, దాని బరువు మోసి, ఇరవై ఏళ్ల తర్వాత వేరే మనిషిగా మారడాన్ని గీత వెంట చూసే అవకాశం తెలుగు పాఠకుడికి దాదాపు దొరకలేదు.

ఎదుగుదల మాత్రం ఇక్కడే, అడవిలోనే ఉంది. ప్రచారంలో ఉన్న కథలో సమ్మక్క మొదట పులుల మధ్య దొరికిన పసిబిడ్డ. తర్వాత గూడెం బిడ్డ, వైద్యం తెలిసిన మనిషి, పగిడిద్దరాజు భార్య, సారలమ్మ నాగులమ్మ జంపన్నల తల్లి. కాకతీయుల సేన మీదికి వస్తే కత్తి పట్టింది. చివరికి చిలుకలగుట్ట వైపు నడిచి మాయమైంది, కుంకుమ భరిణె మిగిలింది. ఒక్క జీవితంలో ఎన్ని ముఖాలు! ఈ కథను బొమ్మల వెంట పాడే సంప్రదాయం ఉంది. పత్రికల్లో గొప్ప గీత ఉంది. ఒకటి గూడెంలో ఉండిపోయింది, ఒకటి మద్రాసు అచ్చుయంత్రాల దగ్గర ఉండిపోయింది. రెండూ కలవలేదు. జపానులో ఆ రెండూ కలిసి ఒకే పేజీ మీద కూర్చున్నాయి. ఇక్కడి కుర్రాళ్లు మాంగాలో ఇష్టపడుతున్నది ఆ కలయికనే.

కలిస్తే ఏమవుతుందో చూపించే పుస్తకం ఒకటుంది. సతోరు నోదా 2014 నుంచి 2022 దాకా గీసిన ‘గోల్డెన్ కముయ్’, మొత్తం 31 సంపుటాలు. రష్యా జపాను యుద్ధం ముగిసిన రోజుల్లో హొక్కయిదో మంచు అడవుల్లో బంగారం వేట. యుద్ధం నుంచి బతికి వచ్చిన సుగిమోతో అనే సైనికుడు, అసిర్ప అనే ఐను ఆదివాసీ అమ్మాయి కలిసి నడుస్తారు. అడవి ఆమెది. ఏ అడుగుజాడ ఏ జంతువుదో, ఉడుతకు ఉచ్చు ఎలా పన్నాలో, మాంసాన్ని ఎలా తరగాలో, వేటాడిన ఎలుగుబంటిని ఎంత మర్యాదగా సాగనంపాలో ఆమె చెబుతుంది. నడుముకున్న కత్తి ఒర మీది చెక్కడం, తలకు కట్టిన పట్టీ మీది కుట్టు కూడా పొల్లు పోకుండా గీశాడు నోదా. ఐను మాటల కోసం ఆ భాషా పండితుడు హిరోషి నకగవా సాయం తీసుకున్నాడు. అసిర్పను అమాయకపు అడవిపిల్లగా వదిలేయలేదు. తండ్రి తనకు అప్పగించింది ఏమిటో తెలిసేకొద్దీ ఆమె చూపు బరువెక్కుతుంది, నిర్ణయాలు ఆమెవే అవుతాయి. 2019లో లండన్ బ్రిటిష్ మ్యూజియం మాంగా ప్రదర్శన పెట్టినప్పుడు ప్రచార చిత్రంలో నిలిచిన ముఖం అసిర్పదే. ఐనులను మూలవాసులుగా జపాను చట్టం గుర్తించిందీ ఆ ఏడాదే.

ఆ పుస్తకం చదివిన భద్రాచలం కుర్రాడికి ఒక ప్రశ్న రావాలి. ఇప్పపువ్వు ఏరే పొద్దు, తునికాకు కట్టలు కట్టే అరుగు, భూమి పండుగ, తలకు అడవిదున్న కొమ్ములు కట్టి ఆడే కొమ్ము కోయల ఆట, ఇవన్నీ ఇంత శ్రద్ధగా ఎవరు గీశారు? 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. గోదావరికి అటూ ఇటూ ఉన్న బంధువులు రెండు రాష్ట్రాల వాళ్లయ్యారు. పోలవరం ప్రాజెక్టు ముంపు ఊళ్లు కొన్ని వేరే చోట కొత్త కాలనీలయ్యాయి. ఒక పాత్రను పదేళ్ల పాటు గీస్తూ పోవడానికి ఇంతకంటే నిండైన కాలం, నేల ఎక్కడ దొరుకుతాయి?

నోదా ఐను కాదు. ఇక్కడ ఇంకో అడుగు ముందుకు వేయొచ్చు, ఆ కథను కోయ పిల్లలే గీయొచ్చు. అందుకు దారి 2011లోనే పడింది. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే పర్ధాన్ గోండు దంపతులు అంబేడ్కర్ జీవితాన్ని ‘భీమాయన’గా గీశారు. నలుచదరపు గళ్లను పక్కన పెట్టి, తమ ఇళ్ల గోడల మీద వేసే దిగ్నా నమూనాలతో పేజీని విడగొట్టారు. మంచి మాట పక్షి ఆకారంలో ఉంటుంది, కులం విషం కక్కే మాటకు తేలు కొండి ఉంటుంది. మాంగాను అనుకరించలేదు, అమెరికా కామిక్స్‌నూ అనుకరించలేదు. పడిగెలోని మూడు మూలల నుంచి కూడా అలాంటి పేజీ ఒకటి పుట్టగలదు.

అందుకు కావలసింది పెద్ద బడ్జెట్టేమీ కాదు. భద్రాచలం ఐటీడీఏ కింద ఆశ్రమ పాఠశాలలున్నాయి. వాటి లైబ్రరీల్లో పోటీ పరీక్షల గైడ్ల పక్కన ‘భీమాయన’, ‘గోల్డెన్ కముయ్’ సంపుటాలు ఉండాలి. నల్ల ఇంకు, మంచి కాగితం ఇవ్వాలి. వారానికి ఒక పూట కథ చెప్పే పెద్దలను పిలిచి గౌరవంగా పారితోషికం ఇచ్చి కూర్చోబెట్టాలి. తెలుగు ప్రచురణకర్తలు ఒక మంచి మాంగానైనా నేరుగా జపనీసు నుంచి తెలుగులోకి తేవాలి. ఒక షరతు మాత్రం ఉంది. పడిగె పూజలో ఉండే వస్తువు, బజారులో దొరికే డిజైన్ కాదు. ఏ బొమ్మ బయటికి రావచ్చు, ఏది వేల్పు దగ్గరే ఉండాలి అన్నది ఆ గట్టు పెద్దలే చెప్పాలి. వాళ్లు వద్దన్న బొమ్మను ఎంత బాగున్నా గీయకూడదు.

సమ్మక్క దగ్గరికి వస్తే గీసేవాడికి అసలైన కష్టం మొదలవుతుంది. మేడారం గద్దెల మీద విగ్రహం లేదు. కర్ర, కుంకుమ భరిణె ఉంటాయి, ముఖం ఉండదు. చూసి గీయడానికి ఏమీ లేని చోట మొదటి పేజీ మొదటి గడిలో పసిబిడ్డను గీయాలి, చుట్టూ పులులను గీయాలి. పులి బిడ్డను చూస్తోందా, వేటకొచ్చిన కోయ దొరలను చూస్తోందా? బిడ్డ ఎవరి వైపు చూస్తోంది? మణుగూరులోనో దుమ్ముగూడెంలోనో పెన్సిలు పట్టుకున్న ఒక పద్నాలుగేళ్ల పిల్ల ముందుగా తేల్చుకోవలసింది ఆ చూపు సంగతే.