మ్యూజియముల చదువు – మన విద్యార్థులు

డిగ్రీ ముగిసిన పిమ్మట ఏమి చదువుదువని అడిగినచో మన తోటి విద్యార్థులు చెప్పు సమాధానములు రెండో మూడో మాత్రమే. ఎం.బి.ఏ., కంప్యూటర్లు, కానిచో బి.ఇడి. క్యురేటరు కావలెనన్న కోరిక గలవారు మాకు ఇంతవరకు తారసపడలేదు. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియము గల నగరములో ఇది విడ్డూరమే.

ఆ మ్యూజియమును 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో పండిత నెహ్రూ ప్రారంభించిరి. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించినది. 1968లో అది ఇప్పటి భవనమునకు మారినది. చూడవచ్చినవారు గడియారము గంట కొట్టు వేళకు గుమిగూడి, మేలిముసుగు రెబెక్కాను కన్నులార చూచి వెడలిపోవుదురు. అందు తప్పేమియు లేదు. కాని అరబ్బీ, పారశీ, ఉర్దూ వ్రాతప్రతులు అచ్చట ఎన్నియో కలవని ఎందరెరుగుదురు?

క్యురేటరనగా తాళపుచెవుల కాపరి యని పలువురి తలంపు. వస్తువు ఎక్కడిది, ఎవరెవరి చేతులు మారినది, ఎంత వెలుతురుకు దాని రంగు వెలయును, ఎంత తేమకు కాగితము బూజుపట్టును – ఇదంతయు శాస్త్రము. ఆ శాస్త్రము చాలనిచోట సదుద్దేశము కూడ కీడు చేయగలదు. అజంతా అందుకు తార్కాణము. అది నిజాము రాజ్యములో నుండగా, 1920–22లో ఇటలీ నిపుణులను రప్పించి చిత్రములను బాగుచేయించిరి. వారు పూసిన లక్క వార్నిషు కాలక్రమమున పసుపుబారి, ధూళిని పట్టి, చిత్రములనే మరుగుపరచినది. దానిని తొలగించుటకు పురావస్తు శాఖవారు దశాబ్దముల తరబడి శ్రమించవలసి వచ్చినది. తిరిగి తీయవీలుగాని పని చేయరాదని నేడు ఈ విద్యలో నేర్పుదురు.

ఈ విద్యకు మనదేశములో తావు లేకపోలేదు. బరోడా విశ్వవిద్యాలయములో మ్యూజియాలజీ శాఖ 1952లోనే ఏర్పడినది. 1989లో ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ వెలసి కళాచరిత్ర, సంరక్షణ, మ్యూజియాలజీలలో ఉన్నత విద్య నేర్పసాగినది.

ఇక భాషల మాట. కుతుబ్‌షాహీల ఫర్మానాలు కొన్ని పారశీలోను తెలుగులోను జంటగా వ్రాయబడినవి. అట్టి కాగితము నెదుట నిలిచి పై సగము ఒకరు, క్రింది సగము వేరొకరు చదువవలసిన గతి మనకేల? ఉర్దూ లిపి నేర్చినవారికి పారశీ అక్షరములు కొత్త కావు. తెలుగు మనకు వీధిలోనే వచ్చును. ఇట్టి రెండు చేతుల సంపద అన్ని కళాశాలలకు లేదు. మనము మాత్రము దానిని పరీక్షలతోనే చాలించుచున్నాము.

ఉద్యోగములు తక్కువ గదా అందురు. నిజమే, ఖాళీలు ఏటేట పడవు, ప్రకటనలు అరుదు. ఇంటి బరువు మోయవలసిన పిల్లవానిని ఈ దారి పట్టుమని ఒత్తిడి చేయుట మా ఉద్దేశము కాదు. అయినను ఆసక్తి గల ఒక్కరికైనను దారి తెలియవలె గదా!

కమిటీ పెద్దలకు మా విన్నపము స్వల్పము. వృత్తివిద్యలకిచ్చు సహాయ వేతనములలో ఒకటి ఈ చదువునకు కేటాయింపుడు. మన గ్రంథాలయపు వెనుక గదిలోని పాత ఉర్దూ పుస్తకములకు నేటికిని జాబితా లేదు. ఈ సెలవులలో అనుమతి దయచేసినచో ఆ జాబితాను మేమే రెండు లిపులలో తయారుచేయుదుము.