ప్రతి బడిలో ఒక ఊరి చరిత్ర పుస్తకం

తెలుగు నేలమీద ఊళ్ల చరిత్రను ఊళ్లవాళ్ల చేతనే చెప్పించి రాయించిన పెద్ద ప్రయత్నం ఒకటి జరిగింది. ఆ రాతలే కైఫియత్తులు. సర్వే పనిమీద దక్షిణాదిలో ఏళ్ల తరబడి తిరిగిన కాలిన్ మెకంజీ 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది మొదట్లో వీటిని సేకరింపజేశాడు. ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు కావలి వెంకట బొర్రయ్య. 1803లో బొర్రయ్య కన్నుమూశాక తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని ముందుకు నడిపాడు. వీరి మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గరున్న కవిలెలు (పాత ఊరి లెక్కల రాతలు) చూశారు, పెద్దలను అడిగారు, శాసనాలకు నకళ్లు తీసుకున్నారు. ఊరు ఎలా ఏర్పడింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఏ మాన్యాలున్నాయి, ఏ దొర ఏలుబడిలో ఏం జరిగింది అన్నవి కాగితం మీదికి ఎక్కాయి. తర్వాత సి.పి. బ్రౌన్ వీటిలో చాలావాటికి శుద్ధప్రతులు రాయించాడు. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది.

ఆ పని జరిగి రెండు వందల ఏళ్లు దాటింది. ఈ మధ్యకాలంలో ఊళ్లు మారిపోయాయి, కొత్త ఊళ్లు పుట్టాయి, కొన్ని జలాశయాల కింద మునిగాయి. ఆ మార్పులేవీ చాలా ఊళ్లలో ఎక్కడా రాసిపెట్టి లేవు. సాంఘికశాస్త్రం పాఠ్యపుస్తకం రాష్ట్రమంతటికీ ఒకటే కాబట్టి అందులో ప్రతి ఊరికీ చోటు దొరకదు. కాకతీయుల వంశక్రమం అప్పజెప్పే పిల్లవాడికి తన ఊరి చెరువుకట్ట మీది రాయిపై ఏముందో తెలియకపోవడానికి కారణం ఇదే. ఈ లోటు తీరాలంటే ప్రతి బడీ తన ఊరి చరిత్ర పుస్తకాన్ని తానే తయారు చేసుకోవాలి. ఉపాధ్యాయులు, గ్రామ పెద్దలు, పంచాయతీలు, గ్రంథాలయాలు, ఊరు విడిచి వెళ్లినవారు ఈ పనికి తలో చేయి వేయాలని విజ్ఞప్తి.

ఊరి చరిత్ర చిన్న చరిత్ర అనుకోవడం పొరపాటు. రాజ్యాల చరిత్రకు ఆధారాలు దొరికింది ఊళ్లలోనే. రేనాటి చోళుల కాలపు తెలుగు శాసనం కడప జిల్లా కలమళ్ల ఊరి గుడిలో దొరికింది. కరీంనగర్ ప్రాంతంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించిన 10వ శతాబ్ది శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. రుద్రమదేవి మరణం 1289లో అని చరిత్రకారులు నిర్ణయించడానికి ఆధారం నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి వేయించిన శాసనం. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం లేకపోతే కాకతీయుల తొలి తరాల పేర్లు ఇంత స్పష్టంగా తెలిసేవి కావు.

ఒక్క శాసనం తరగతి గదికి ఎంత పాఠం ఇవ్వగలదో చెప్పడానికి కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం చాలు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఈ చెరువు కట్టించాడు. శాసనం తేదీ శక సంవత్సరం 1291. దానికి 78 కలిపితే క్రీ.శ. 1369 వస్తుంది. ఈ లెక్క ఆరో తరగతి పిల్లలు కూడా చేయగలరు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని ఈ సంస్కృత శాసనం చెబుతుంది. నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తీయని నీటి ఏరు, రెండు కొండల నడుమ మరీ పొడవు కాని దిట్టమైన రాతికట్ట, దగ్గరలో రాతిగని, పనితెలిసిన కూలీలు అందులో కొన్ని. ఆరు దోషాలనూ వివరిస్తుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మెరక, తక్కువ నీటికి ఎక్కువ ఆయకట్టు, ఎక్కువ నీటికి తక్కువ ఆయకట్టు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలే వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే చెరువు పూర్తయిందని కూడా అందులో ఉంది. చరిత్ర, లెక్కలు, భూగోళం, విజ్ఞానశాస్త్రం ఒక్క రాతిమీదే దొరుకుతున్నాయి. పిల్లలు ఈ ఆరు దోషాలను చేతపట్టుకుని తమ ఊరి చెరువు దగ్గరికి వెళ్లి చూస్తే అది పాఠమూ అవుతుంది, పరిశోధనా అవుతుంది.

పుస్తకం తయారీ ఊరి పటంతో మొదలుపెట్టడం తేలిక. చెరువు, కుంట, కాలువ, గుడి, మసీదు, దర్గా, చర్చి, గ్రామదేవత చెట్టు, పాత బురుజు, వీరగల్లు, దిగుడుబావి, సంత జరిగే చోటు అందులో గుర్తించాలి. పొలాల పేర్లు, వాగుల పేర్లు ఊళ్లో అనే తీరులోనే రాసుకోవాలి. ఆ తర్వాత అచ్చయిన ఆధారాలు వెతకాలి. ఊరికి కైఫియత్తు ఉందేమో చూడాలి. కడప, వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల శాసనాలు విడివిడి సంపుటాలుగా వచ్చాయి కాబట్టి ఆ జిల్లాల బడులకు ఈ పని మరింత సులువు.

శాసనాల దగ్గర కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో దిద్దడం, నూనె పూయడం, సున్నం వేయడం, ఇనుప బ్రష్‌తో రుద్దడం రాతికి చేటు. పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీస్తే లోతు తగ్గిన అక్షరాలు కూడా తేలి కనిపిస్తాయి. తడికాగితం అద్ది సిరాతో నకలు తీసే పని శిక్షణ ఉన్నవారికే వదలాలి. కొత్త శాసనం, విగ్రహం, నాణేలు బయటపడితే కదపకుండా రెవెన్యూ అధికారులకు, పురావస్తు శాఖకు తెలియజేయాలి.

రాతిమీద లేని చరిత్ర మనుషుల దగ్గర ఉంది. నాట్ల పాటలు, మగ్గం పని, కుమ్మరి ఆవం, బతుకమ్మ పాటలు, వీధి భాగవతాలు, ఒగ్గుకథ, కరువు ఏళ్ల జ్ఞాపకాలు, వలసలు, ఊళ్లోకి మొదటిసారి కరెంటు వచ్చిన సంగతి, బడి పెట్టిన వైనం, ఇవన్నీ పెద్దల నోట వినాల్సినవి. వారి అనుమతితో ఫోన్‌లో రికార్డు చేసి, చెప్పినవారి పేరు, వయసు, తేదీ పక్కనే రాయాలి. అన్ని వాడలకూ వెళ్లాలి. శాసనాలు ఎక్కువగా దానం ఇచ్చినవారి పేర్లు చెబుతాయి. చెరువు తవ్విన చేతుల కథ, ఆడవాళ్ల శ్రమ కథ వారి వారసుల మాటల్లోనే దొరుకుతాయి. వాళ్లను అడగకుండా రాసిన పుస్తకం సగం ఊరి చరిత్రే అవుతుంది.

విన్నదంతా నిజమని రాయకూడదు, నిరూపణ లేదని వదిలేయనూ కూడదు. శాసనం, దస్తావేజు, పెద్దల మాట, స్థలపురాణం దేనికది వేరే శీర్షిక కింద ఉండాలి. ఒకే సంగతిని ఇద్దరు వేరుగా చెబితే రెండూ రాయాలి. ఆధారానికీ కథకూ తేడా పిల్లలు నేర్చుకునేది ఇక్కడే.

ఈ పని ఎవరి పరిధిలో వారు పంచుకోదగినది. జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సూచించిన పది సంచిలేని రోజుల్లో కొన్నింటిని ఉపాధ్యాయులు దీనికి కేటాయించవచ్చు. ఇళ్లలో పాత దస్తావేజులు, ఫోటోలు, తాళపత్రాలు ఉన్నవారు ఫోటో తీసుకోనిస్తే చాలు, అసలు ప్రతి వారి దగ్గరే ఉంటుంది. పంచాయతీలు కాగితానికి, అచ్చుకు అయ్యే చిన్న ఖర్చు భరించాలి. పట్నాల్లో, విదేశాల్లో ఉన్న ఊరివాళ్లు పాత ఫోటోలు, జ్ఞాపకాలు రాసి పంపాలి. పూర్తయిన పుస్తకం ప్రతులు బడిలో, పంచాయతీలో, దగ్గరి శాఖా గ్రంథాలయంలో ఉంచాలి. ఏటా కొత్త తరగతి దానిలో తప్పులు దిద్ది, కొత్త పుటలు చేర్చాలి. ఊరి సంగతులు నోట ఉన్న తరానికి వయసు మీరుతోంది కనుక ఈ విద్యా సంవత్సరంలోనే పని మొదలుపెట్టాలని అందరికీ మనవి.