సంపాదకుని మాట: మెత్తని గొట్టంలో ప్రవాహం

ఇనుప గొట్టంలో పారే నీటిని రెండు కొసల మధ్య ఉన్న పీడనాల తేడాయే నడిపిస్తుండగా, గోడలు మెత్తగా ఉండి నొక్కుకుపోయే గొట్టంలో బయటి పీడనం కూడా ప్రవాహాన్ని శాసిస్తుంది. బయటి ఒత్తిడి లోపలిదానిని మించినచోట గొట్టం అణిగిపోతుంది కనుక, దిగువ కొసన పీడనాన్ని ఇంకెంత తగ్గించినా ప్రవాహం పెరగని స్థితి ఏర్పడుతుంది. దీనినే ప్రవాహ పరిమితి అంటారు. 1912లో నోల్టన్, స్టార్లింగ్ గుండెపై చేసిన ప్రయోగాలలో వాడిన పలుచని రబ్బరు గొట్టం ఈ సూత్రంపైనే పనిచేసింది.

మన ధమనులు కూడా ఇలాంటి మెత్తని గొట్టాలే. రక్తపోటు చూసేటప్పుడు జబ్బకు చుట్టిన పట్టీలోని గాలిని మెల్లగా వదులుతుంటే, అణిగిన ధమని గుండె కొట్టుకున్నప్పుడల్లా క్షణకాలం తెరుచుకొని మళ్లీ మూసుకుపోతుంది. అప్పుడు స్టెతస్కోపులో వినిపించే టక్‌టక్ శబ్దాలను 1905లో రష్యన్ వైద్యుడు నికొలాయ్ కొరొట్కోవ్ వర్ణించాడు. నిత్యం వేల ఆసుపత్రులలో వినే ఈ చప్పుడు సరిగ్గా ఎలా పుడుతుందన్న విషయంపై, ఆశ్చర్యమే గాని, శాస్త్రజ్ఞులలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు; ఈ సంచికలోని ప్రధాన వ్యాసం ఆ వివాదాన్నే చర్చకు తీసుకుంటున్నది.