వేడినీళ్లూ కావాలి, చన్నీళ్లూ కావాలి

గ్రీసు దేశంలోని సాంతోరిని ద్వీపం అగ్నిపర్వతం పేలగా మిగిలిన నేల. దాని పక్కనే సముద్రంలో పాలియా కమేని అనే చిన్న లంక ఉంది. అక్కడ వేడినీటి ఊటలున్నాయంటూ యాత్రికులను పడవల్లో తీసుకెళ్తారు. పడవ ఊట దాకా వెళ్లదు. చల్లటి సముద్రంలోకి దూకి ఈదుకుంటూ పోవాలి. ఇనుము, గంధకం కలిసి తుప్పురంగు తేలిన ఆ నీళ్లు తీరా చూస్తే నులివెచ్చగా ఉంటాయి. పొగలు కక్కే నీళ్లను ఊహించుకుని వచ్చినవాళ్లు ‘ఇంతేనా?’ అనుకుంటూ మళ్లీ పడవెక్కుతారు.

ఎఫెసును, పత్మాసును చూపించే ఓడలు కొన్ని ఈ సాంతోరినిలోనూ ఆగుతాయి. పత్మాసు కూడా అగ్నిపర్వత శిలలతో ఏర్పడిన ద్వీపమే. అక్కడ పరవాసిగా ఉన్న యోహాను చేతనే ప్రభువు లవొదికయ సంఘానికి ఆ ఘాటైన లేఖ రాయించాడు. నీవు వేడిగానైనా లేవు, చల్లగానైనా లేవు, నులివెచ్చగా ఉన్నావు గనుక నోట నుండి ఉమ్మివేస్తానని హెచ్చరించాడు (ప్రకటన 3:15,16).

ఈ మాటను మనం ఎలా వాడుతున్నామో చూడండి. మార్టూరు చుట్టుపక్కల పత్తి, మిరప పండే పల్లెల్లో ఒకే వీధిలో రెండు మూడు మందిరాలుంటాయి. చప్పట్లతో, కన్నీటి ప్రార్థనలతో సాగే సంఘం ‘మాది మండే సంఘం, పక్కవాళ్లు చల్లారిపోయారు’ అంటుంది. కీర్తనల పుస్తకం పట్టుకుని క్రమంగా ఆరాధించే సంఘం ‘వాళ్లది వట్టి పొంగు’ అంటుంది. ఒక తల్లి కన్న బిడ్డలు రెండు మందిరాలకు వెళ్తూ, ఒకరింటి ప్రార్థనకు ఒకరు రాని కుటుంబాలు మన మధ్య లేవా? సంఘాలను సరిదిద్దడానికి ప్రభువు రాయించిన లేఖ అన్నదమ్ముల మధ్య గోడ అయింది.

చల్లగా ఉండడమంటే ఆత్మీయంగా చచ్చిపోవడమే అయితే, నీవు చల్లగానైనా ఉంటే బాగుండునని ప్రభువు ఎందుకు కోరుకుంటాడు? దీనికి జవాబు ఆ ఊళ్ల నీళ్లలోనే ఉందని పలువురు బైబిలు పండితులు అంటారు. లవొదికయ నుంచి చూస్తే లోయకు అవతల హియెరాపొలి పట్టణం కనబడేది. అక్కడి వేడినీటి ఊటల్లో స్నానం చేస్తే రోగాలు నయమవుతాయని జనం వచ్చేవారు. ఆ నీటిలోని సున్నం పేరుకుని కొండవాలంతా ఏరిన పత్తి కుప్పపోసినట్టు తెల్లగా ఉంటుంది. అందుకే దాన్ని ఇప్పుడు పాముక్కలె అంటారు. టర్కీ భాషలో ఆ మాటకు పత్తి కోట అని అర్థం. అదే లోయలో మరోవైపు, కొండ పాదాన ఉన్న కొలొస్సయిలో చల్లటి నీళ్లు పారేవి. నడుమ ఉన్న లవొదికయకు దూరపు ఊటల నుంచి రాతి గొట్టాల ద్వారా నీళ్లు రావాలి. ఆ గొట్టాల్లో గడ్డకట్టిన సున్నం నేటికీ కనబడుతుంది. వేడినీళ్లు ఒంటి నొప్పులు తీర్చాయి, చన్నీళ్లు దాహం తీర్చాయి. నులివెచ్చని ఉప్పదనపు నీళ్లు దేనికీ పనికిరాలేదు. ప్రభువు అడిగింది ‘నీ ఆరాధన ఎంత వేడిగా ఉంది?’ అని కాదు, ‘నీవు ఎవరికి పనికొస్తున్నావు?’ అని!

వేడినీటి ఊట మన దగ్గరా ఉంది. భద్రాచలం దగ్గరి గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు గుండా పైకి వచ్చే వేడినీళ్లతో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ ప్లాంటు పెట్టింది. అక్కడ అగ్నిపర్వతమేమీ లేదు. నేలలోకి ఇంకిన నీరు ఎవరికీ కనబడని లోతుకు వెళ్లి, వేడెక్కి, పగుళ్ల గుండా పైకి వస్తుంది. తలుపు వేసుకుని రహస్యంగా చేసే ప్రార్థన కూడా అంతే. ఆ లోతు లేని వేడి మైకు ఆపగానే చల్లారుతుంది.

చన్నీళ్ల పరిచర్యా చిన్నదేమీ కాదు. కొలొస్సయివాడైన ఫిలేమోను పరిశుద్ధుల హృదయాలకు సేదదీర్చాడని పౌలు మెచ్చుకున్నాడు (ఫిలేమోను 7). గిన్నెడు చన్నీళ్లకు కూడా ప్రతిఫలముందని ప్రభువే చెప్పాడు (మత్తయి 10:42). 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపి, ముందు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకు ముందు గిన్నెడు నీళ్లు అందాయని మరచిపోకూడదు.

లవొదికయ జబ్బు డబ్బుతో వచ్చింది. క్రీ.శ. 60లో భూకంపం కూల్చినా, రోమా ప్రభుత్వ సాయం లేకుండానే ఆ పట్టణం సొంత సొమ్ముతో లేచిందని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ‘నాకేమీ కొదువ లేదు’ అన్న ఆ గర్వం సంఘంలోకీ వచ్చింది. గుడి గోడలకు గ్రానైటు పలకలు అతికించి, ఆ రాయిని కోసి మెరుగు పెట్టిన పరాయి రాష్ట్రపు కూలీని ఒక్కసారైనా పలకరించని సంఘం ఆ గర్వానికి ఎంత దూరంలో ఉంది?

మిరపకోతకు వెళ్లి చేతులు మంటలెత్తిన చెల్లికి చన్నీళ్లు కావాలి. కీళ్లనొప్పులతో మంచం పట్టిన పెద్దమ్మకు వేడినీళ్ల కాపడం కావాలి. పత్తి అప్పులతో ఇంటాయన ప్రాణం తీసుకున్న ఇంట్లో రెండూ కావాలి. పక్కన కూర్చుని కన్నీళ్లతో ప్రార్థించేవాళ్లూ, పిల్లల ఫీజు కట్టి బియ్యం దించి వచ్చేవాళ్లూ. ఆ ఇంటికి రెండు మందిరాల వాళ్లూ కలిసి వెళ్తే, ఎవరు వేడి, ఎవరు చలువ అనే తగువు ఆ గడప దగ్గరే ఆగిపోతుంది.

లవొదికయను అంతగా గద్దించిన ప్రభువు దాన్ని వదిలి వెళ్లలేదు. తలుపు దగ్గరే నిలబడి తట్టుతున్నాడు. ఈ ఆదివారం మన వీధిలో ఏ తలుపు మనం తట్టాలో ఆయన్నే అడుగుదాం.