వేషం కాదు, వాటా కావాలి

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖరారయ్యాయి. 2036 ఒలింపిక్స్ కూడా తమకే కావాలని ఢిల్లీ పాలకులు పట్టుబడుతున్నారు. ఆటలొస్తే ప్రారంభోత్సవం వస్తుంది. దాని వెంటే 'జాతీయ సంస్కృతి' అనే మాట వస్తుంది. మూడు, నాలుగు గంటల్లో 140 కోట్ల మందిని ప్రపంచానికి చూపించాలి. చూపించేది ఎవరు? చూపించేది ఎవరిని? అసలు పేచీ ఇక్కడే ఉంది.

2008 ఆగస్టు 8న బీజింగ్‌లో 56 జాతుల పిల్లలంటూ రంగురంగుల దుస్తుల్లో చిన్నారులను జెండాతో నడిపించారు. వాళ్లు దాదాపు అందరూ మెజారిటీ హాన్ జాతి పిల్లలేనని తర్వాత బయటపడింది. అది మామూలేనని నిర్వాహకులు సమర్థించుకున్నారు. అదే వేదిక మీద పెదవులాడించిన పాప ఒకరు, పాడిన గొంతు మరొకరిది! మైనారిటీ జాతుల బట్టలు కావాలి, మనుషులు మాత్రం వద్దు. ఆధిపత్యం సంస్కృతిని వాడుకునే తీరు ఇదే.

మనవాళ్లు తక్కువ తిన్నారా? 2010 అక్టోబర్ 3న ఢిల్లీ స్టేడియంలో రైలుబండి పెట్టి సామాన్యుల బతుకును ఆడి చూపించారు. చప్పట్లు మోగాయి. స్టేడియం బయట మాత్రం అదే సామాన్యుల గుడిసెలు కనబడకుండా తడికెలు, హోర్డింగులు అడ్డం పెట్టారు. క్రీడల నిర్మాణ కూలీలకు కనీస వేతనాలు కూడా సరిగా అందడం లేదని హైకోర్టు నియమించిన కమిటీయే తేల్చింది. పేదవాడు వేదిక మీద కళ, వీధిలో కళంకం!

2000లో సిడ్నీలో ఆదివాసులే తమ కథను తాము ఆడారు. ఒలింపిక్ జ్యోతిని ఆదివాసీ బిడ్డ క్యాథీ ఫ్రీమన్ వెలిగించింది. అయినా, తల్లుల ఒడి నుంచి లాక్కున్న ఆదివాసీ పిల్లల తరాలకు ఆస్ట్రేలియా ప్రభుత్వం క్షమాపణ చెప్పడానికి 2008 దాకా పట్టింది. వేదిక మీది గౌరవం హక్కులకు బదులు కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. 2012లో లండన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల నర్సులే వచ్చి ఆడారు. ఒలింపిక్ పార్కును కట్టిన 500 మంది కార్మికులు హెల్మెట్లతో నిలబడి జ్యోతికి స్వాగతం పలికారు. లండన్ పాలకులు ధర్మాత్ములని కాదు. కానీ రాళ్లెత్తిన కూలీలను ప్రపంచం ఆ రాత్రి కళ్లారా చూసింది.

సంస్కృతి బట్టల పెట్టె కాదు. రేపు అహ్మదాబాద్‌లో ఒగ్గుడోలు మోగితే, దాన్ని తరతరాలుగా మోసిన చేతులే మోగించాలి. గుస్సాడీ ఆడితే గోండు బిడ్డలే ఆడాలి. ఆ కళ పేరు, ఆ ప్రాంతం పేరు, ఆ భాష పేరు మైకులో వినబడాలి. కళాకారుడికి శాలువా కాదు, కూలి గిట్టాలి. ఏం చూపాలో నిర్ణయించే కమిటీలో సినిమా దర్శకులతో పాటు ఆ కళల వాళ్లకూ కుర్చీ ఉండాలి.

కార్యక్రమం ఖరారయ్యాక అరిచి లాభం లేదు. కళాకారులు, విద్యార్థులు, ఉద్యోగులు ఇప్పుడే అడగాలి. మన వేషం వాళ్లు వేసుకుని మన తరఫున ఆడుతుంటే, చప్పట్లు కొట్టడం మన పని కాదు.