ధవళేశ్వరం బ్యారేజీ: 175 గేట్లలో బలహీనమైనది ఏదో తెలిసేదెలా?

ధవళేశ్వరం బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాల్లో కలిపి 175 గేట్లున్నాయి. డెల్టా కాలువలకు గోదావరి నీటిని నిలిపేవి ఇవే. అన్నిటిదీ ఒకే పని కాబట్టి తనిఖీకి ఒక సులువుంది: పక్క గేటుతో పోల్చడం. ఒకే నీటిమట్టం వద్ద ఒక గేటును ఎత్తడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగితే తుప్పో, ఇరుకో ఉందని అనుమానించాలి.

అయితే అన్నీ కలిసి పాతబడితే ఈ పోలిక చాలదు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ తర్వాత మొత్తం 33 గేట్లూ మార్చాలని తేల్చారు. అందుకే ప్రతి గేటునూ దాని పాత లెక్కలతోనూ పోల్చాలి.

‘గేట్లన్నీ బాగున్నాయి’ అని అధికారులు చెబితే మీరు అడగాల్సింది ఒక్కటే: నంబర్ల వారీగా రికార్డు ఉందా?